హస్తవాసి

రామాంజి కండలు చొక్కా చేతుల్లో పట్టడం లేదు.

ఏడాది కిందట నరసరావుపేటలో ఇదే ఆసుపత్రికి వచ్చినప్పుడు, ఈ కుర్చీలోనే ముడుచుకొని కూర్చున్న మనిషి. ఇప్పుడు ఛాతీ విరుచుకొని కూర్చున్నాడు. పక్కనున్న దుర్గకు మొగుణ్ణి చూస్తే ముచ్చటేసింది. ఈసారి రిజల్టు బాగుంటుందని ఆమెకు గట్టి నమ్మకం.

డాక్టరమ్మ కాగితం చూసింది. మనిషిని చూసింది. మళ్లీ కాగితం చూసింది.

"పోయిన ఏడాది వీర్యకణాలు తక్కువగా ఉన్నాయి. తక్కువైనా ఉన్నాయి," అంది. "ఇప్పుడు ఒక్కటి కూడా లేదు."

దుర్గ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఇంకెవరిదో మారిపోయి వచ్చిందేమో చూడండమ్మా," అంది. "ఈయన మునుపటి మీద చానా బాగున్నాడు. మీరే చూడండి, ఎట్టా ఉన్నాడో."

"చూస్తూనే ఉన్నాను. అప్పుడు నేను రాసిన మాత్రలు వాడారా?"

దుర్గ తల అడ్డంగా ఊపింది.

ఎలా వాడతారు? ఆ చీటీ పట్టుకొని కారంపూడి మందుల షాపుకు వెళ్తే, తెల్లారేసరికి ప్రతి టీ కొట్టు దగ్గరా అదే కబురు. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. అందుకే లోపం మొగుడిదని దుర్గ తండ్రికి తప్ప ఎవరితోనూ అనలేదు. గొడ్రాలన్న మాట తన నెత్తినే వేసుకుంది. అయినా ఇంట్లోనే డాక్టరు ఉండగా బయటివాళ్లెందుకు?

దుర్గ తండ్రి బాలకోటయ్య ఆర్ఎంపీ. నరసరావుపేటలో ఒక పెద్ద డాక్టరు దగ్గర కాంపౌండరుగా పనిచేసి, ఊరికొచ్చి సొంత అరుగు మీద బల్ల వేసుకున్నాడు. ఆయన సూది గుచ్చితే ఎంతటి జ్వరమైనా పారిపోవాల్సిందే. హస్తవాసి అంటే బాలకోటయ్యదే అని చుట్టుపక్కల పల్లెలన్నీ చెప్పుకుంటాయి.

"ఇంజెక్షన్లు ఏమన్నా వేయించుకుంటున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

రామాంజి మొహం వెలిగిపోయింది.

"వేయించుకోకపోవటమేంది మేడం! మా మామ ఆదివారం ఆదివారం బలం సూది వేస్తన్నాడు. ఇద్దరం పట్టి ఎత్తే నాపరాయి ఇప్పుడు నేనొక్కణ్ణే ఎత్తి ట్రాక్టర్లో పడేస్తన్నా."

ఫోన్లో సీసా ఫోటో కూడా తీసి చూపించాడు. పిల్లనిచ్చిన మామ తన కోసం ప్రత్యేకంగా తెప్పించిన మందని దాచుకున్న ఫోటో అది.

డాక్టరమ్మ ఫోటోను పెద్దది చేసి చదివింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మగ హార్మోన్. బయటి నుంచి ఇలా పోస్తూ ఉంటే, ఇక మనకేం పని అని ఒళ్లు సొంతంగా చేసుకోవడం మానేస్తుంది. కణాలు పుట్టడం ఆగిపోతుంది. కండలొస్తాయి. పిల్లలు మాత్రం రారు."

"అంటే... ఆ సూది వల్లే పోయినయ్యా?"

"ఆ సూది వల్లే."

దుర్గ మొగుడి వంక చూసింది. ఆదివారం వస్తే మొగుణ్ణి బతిమాలి పుట్టింటికి లాక్కెళ్లింది తనే. సూది వేసిన చోట గడ్డ కడితే ఉప్పు కాపడం పెట్టిందీ తనే. బిడ్డ కోసమే కదా అనుకుంటూ పెట్టింది.

"వెంటనే ఆపేయండి," అంది డాక్టరమ్మ. "ఆపితే చాలామందికి తిరిగొస్తాయి. నెలలు పడుతుంది, ఏడాది దాటినా దాటొచ్చు. అందరికీ వస్తాయని మాత్రం నేను మాటివ్వలేను."

ఇద్దరూ బస్సెక్కారు. మామ ఊరు వచ్చాక, దిగబోతూ రామాంజి ఒక్క మాట అన్నాడు.

"మీ నాన్నకి చెప్పమాక. ఆ పెద్దాయన తట్టుకోలేడు."

"చెప్పకపోతే రేపు ఆదివారం పొద్దున్నే సూది పట్టుకొని కూర్చుంటాడయ్యా," అంది దుర్గ.

రామాంజి బడ్డీ కొట్టు దగ్గరే ఆగిపోయాడు. ఆమె ఒక్కతే నడిచింది.

కూతుర్ని చూడగానే బాలకోటయ్య అరుగు దిగి ఎదురొచ్చాడు.

"ఏమ్మా, మంచి కబురేనా? అల్లుడేడీ? స్వీట్ల కొట్టు కాడ ఆగాడా ఏంది?"

ఆయన మొహం నిండా నవ్వు. అయినా దుర్గ చెప్పింది. డాక్టరమ్మ చెప్పినదంతా, తండ్రి కళ్లలోకి చూడకుండా గబగబా చెప్పేసింది.

బాలకోటయ్య వెనక్కి నడిచి అరుగు మీద కూర్చున్నాడు.

"బలానికని వేశానమ్మా," అన్నాడు. "మందులమ్మే అతను మగోళ్లకి చానా మంచిదన్నాడు. నమ్మాను."

"నాకు తెలవదా నాన్నా."

తిడదామనే వచ్చింది. తీరా చూస్తే కోపం రావాల్సిన చోట ఏడుపొచ్చింది.

"ఆపితే మళ్లా వస్తయ్యన్నదా?"

"చానామందికి వస్తయ్యంట."

"చానామందికంటే... అందరికీ రావా?"

అడిగిన తీరు ఒక్క అల్లుడి గురించి అడిగినట్టు లేదు. దుర్గ తలెత్తి చూసింది.

"ఇంకెవరికి వేశావు నాన్నా?"

ఆయన ఇంట్లోకి చూశాడు.

లోపలి నుంచి ధరణి మంచినీళ్లు తెచ్చింది. దుర్గ తమ్ముడు తేజ పెళ్లాం. కాపురానికొచ్చి రెండేళ్లు కావస్తోంది.

గ్లాసు చేతికిచ్చి, మామగారికి వినపడకుండా వదిన చెవి దగ్గరికి వంగింది.

"వదినా, ఈసారి డాక్టరమ్మ కాడికి నన్ను కూడా తీసుకుపో. నాలోనే ఏదో లోపం ఉన్నట్టుంది."