చారల పెనం

“ఆ కిటికీ ఇంకొంచెం తెరవండి. ఇల్లంతా పొగే!” అంది భార్య ముక్కు మూసుకుని.

“తెరిచే ఉంది. ఫ్యాను కూడా తిరుగుతోంది. నువ్వు వెళ్తూ తలుపు మూసెయ్, చాలు,” అన్నాడు చిన్నల్లుడు, పెనం మీంచి చూపు తిప్పకుండా.

“మామూలుగా కూర వండితే మా నాన్న తినరా? బావగారితో మీకెందుకండీ ఈ పోటీ?”

“పోటీ ఏం లేదు.”

నిజమే, పోటీ కాదు. శుద్ధ కుళ్లు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అతనికింకా బాగా తెలుసు.

పెద్దల్లుడికి పెరడున్న ఇల్లుంది. పెరట్లో బొగ్గుల గ్రిల్ ఉంది. అందరూ అక్కడ చేరిన ప్రతి ఆదివారమూ మామగారు ఒక ముక్క కొరికి, “ఆహా! పెద్దల్లుడి చెయ్యే చెయ్యి!” అనేవారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. “నువ్వూ వెళ్లి అతని పక్కన నిలబడు బాబూ, కాస్త నేర్చుకో,” అని చిన్నల్లుణ్ణి పెరట్లోకి తరిమేవారు. బొగ్గులకంటే ముందు చిన్నల్లుడి కడుపు రగిలేది. అయినా వెళ్లేవాడు. పెద్దల్లుడు దర్జాగా ముక్కలు తిప్పుతుంటే, చేతులు కట్టుకుని నిలబడి పళ్లు నూరుకునేవాడు.

తనదేమో మూడో అంతస్తులో ఫ్లాటు. పెరడు మాట దేవుడెరుగు, బాల్కనీలో నిప్పు పెట్టినా పైవాళ్లు ఊరుకోరు. అందుకే పొయ్యి మీద పెట్టుకునే ఈ ఇనప పెనం కొన్నాడు. అడుగున గ్రిల్ ఊచల్లాగే ఎత్తుగా చారలు. వారమంతా దాంతో కుస్తీ పట్టాడు. ముక్కలు అంటుకుపోయాయి, పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోయాయి, భార్య చేత నానా మాటలూ పడ్డాడు. చివరికి కిటుకు దొరికింది. ఖాళీ పెనం బాగా కాగాలి. నూనె పెనానికి కాదు, ముక్కకి రాయాలి. వేశాక కెలక్కూడదు. కాలితే ముక్కే పట్టు వదులుతుంది. అందుకే ఈ ఆదివారం అందర్నీ తనింటికి పిలిచాడు.

చికెన్ ముక్క తిరగేశాడు. నల్లటి చారలు, గీత గీసినట్టు పడ్డాయి.

“చూశావా? మీ బావగారు జన్మలో వెయ్యగలరా ఇలాంటి చారలు?”

“చారలు చూసి కడుపు నింపుకుంటారా ఎవరైనా?” అంటూ భార్య తలుపు వేసుకుని బాల్కనీలో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోయింది.

అన్నిటికంటే బాగా కాలిన ముక్కను ప్లేటులో పెట్టుకుని అతను హాల్లోకి నడిచాడు. టీవీలో మ్యాచ్ వస్తోంది. మామగారు కుర్చీ అంచున కూర్చుని చూస్తున్నారు. పక్కనే అత్తగారు. సోఫాలో పెద్దల్లుడు.

“అది ముందుకొచ్చి కొట్టాల్సిన బంతి మామయ్యగారూ,” అంటున్నాడు పెద్దల్లుడు. “నేనైతే...”

“కాదన్నయ్యా, దాన్ని వదిలెయ్యాలి,” అన్నాడు చిన్నల్లుడు, ప్లేటుతో టీవీకి అడ్డంగా నిలబడి. “ఎందుకో చెప్తా విను...”

“ముందు ఆ ముక్క ఇలా ఇవ్వు బాబూ,” అన్నారు మామగారు.

చిన్నల్లుడు ప్లేటు అందించాడు. ఒక్క ‘ఆహా’. ఈ జన్మకి అంతే కావాలి. ఆయన కొరికారు. నమిలారు. కళ్లు మూసుకున్నారు.

“ఆహా! చిన్నల్లుడి చెయ్యే చెయ్యి! బయట బొగ్గుల మీద కాల్చినా రాదు ఈ రుచి!”

పెద్దల్లుడి మొహం మాడిపోయింది. చిన్నల్లుడికి ఏనుగెక్కినంత సంబరమైంది.

“మిగతావీ కాల్చుకురా. తొందరేం లేదు, నిదానంగా కానియ్,” అన్నారు మామగారు. “పెద్దల్లుడూ, నువ్వూ వెళ్లి అతని పక్కన నిలబడు. కాస్త నేర్చుకో.”

ఆ మాట వినడానికే తాను ఇన్నాళ్లూ బతికున్నాననిపించింది చిన్నల్లుడికి. “రా అన్నయ్యా, చూపిస్తా,” అన్నాడు, ఎంత ఆపుకున్నా ఆగని నవ్వుతో.

వంటగదిలోకి రాగానే పెద్దల్లుడు తలుపు వేశాడు. “ఏం పెనమోయ్ ఇది? ఎక్కడ కొన్నావ్? నాలుగు గీతలు పడితే రుచి వచ్చేస్తుందా?” అంటూ, అడగకుండానే ఒక ముక్క లాక్కుని నోట్లో వేసుకున్నాడు. అసూయతో ఎర్రబడ్డ అతని కళ్లు ఒకట్రెండుసార్లు నమలగానే చిన్నవయ్యాయి.

“తమ్ముడూ, ఇందులో ఉప్పు వేశావా?”

చిన్నల్లుడు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. నిమ్మరసం పిండాడు. మిరియాల పొడి చల్లాడు. నూనె రాశాడు. ధ్యాసంతా ఆ చారల మీదే పెట్టి... గబగబా తనూ ఒక ముక్క కొరికాడు. చప్పిడి. నోట్లో పెట్టుకోలేనంత చప్పిడి.

“మరి మామయ్యగారు ఆహా అన్నారే?”

“అదే నాకూ అర్థం కావట్లేదు,” అన్నాడు పెద్దల్లుడు.

“పాపం, నా మనసు నొప్పించడం ఇష్టంలేక మింగేసుంటారు. ఎంత మంచి మనిషి!” చిన్నల్లుడికి కళ్లు చెమర్చాయి. ఉప్పు డబ్బా తీసుకుని, వెళ్లి తప్పు ఒప్పుకుందామని మెల్లగా తలుపు తీశాడు. వెనకే పెద్దల్లుడు.

హాల్లో మామగారు కాళ్లు బారజాపుకుని, సోఫా అంతా ఆక్రమించి పడుకున్నారు.

“అంత బాగుంటే నాకో ముక్క ఉంచకపోయారా?” అంటున్నారు అత్తగారు.

ఆయన టీవీ సౌండు పెంచుతూ అన్నారు: “బాగుండటమా నా మొహమా! ఆ చిన్నాడు ఉప్పెయ్యడు, ఆ పెద్దాడు ఎప్పుడూ మాడుస్తాడు. అయినా పొగిడి ఇద్దర్నీ పొయ్యి దగ్గరికి తోలితేనే కదా, వాళ్ల వాగుడు లేకుండా నేను మ్యాచ్ చూసేది!”