తద్దినం నాటి ఓట్లు

ఇప్పుడు పాత కార్టూన్లలో రోజుకో కొత్త భాగం వస్తోంది, అదీ అభిమానులు ఎలా ఓటేస్తే అలా. హాస్యనటుడైన మా నాన్నగారు పోయి ఇరవై ఏళ్లయింది. అలాంటి ఓ కార్టూన్లో ఆయన పోలికతో గీసిన ముసలి బొమ్మ మాత్రం ఆయన గొంతుతోనే కేకలు పెడుతూ రోజూ మెట్ల మీంచి దొర్లుతోంది. తద్దినం నాడైనా ఆయన్ని ఊరికే కూర్చోబెట్టండని అభిమానుల్ని బతిమాలాను.

“కూర్చుంటే ఎవడు చూస్తాడు బాబాయ్? అసలే పాత ఊపు పోయింది. ఈసారి మేడ మీంచి తోసేద్దాం!” అన్నారు. తొంభైవేల ఓట్లు పడ్డాయి.

పిండాలు పెడుతుంటే శాస్త్రిగారు ఉత్తరీయం చాటున ఫోన్ చూసి ఫక్కున నవ్వారు.

“ఆ పడుతున్నది మా నాన్నగారండీ! మీరూనా?” అని అరిచాను.

ఆయన ముఖం చిన్నబోయింది. “తప్పే నాయనా. కానీ ఆయన ఇంకా వెళ్లనట్టుందే. మరి ఈ పిండం ఎవరికంటావు?”

“ఈ అభిమానులు వెళ్లనిస్తే కదండీ!”