రేపు లెక్కల పరీక్ష

ఆ రోజు ఇంట్లో ఉన్నది వసపిట్ట, తొండి, కొళాయి, ఎల్లుండి, బుజ్జి. బుజ్జిది తప్ప మిగతావన్నీ తరగతిలో పెట్టిన పేర్లే, ఎవరి గుణానికి తగ్గట్టు వాళ్లకి. బుజ్జి వాళ్ల నాన్న సాయంత్రం డ్యూటీకి వెళ్లిపోయాడు. పెద్దరికం చేసే మనిషంటూ ఇంట్లో ఒక్కరూ లేకపోవడంతో ఆ బరువు కాస్తా బుజ్జి నెత్తిన పడింది.

ఉన్నవే రెండు గదులు. లోపలి గదిలో ఆ నలుగురూ లెక్కల మాస్టారి సన్మానానికి పాట సాధన చేస్తున్నారు. ఆయన ఈ నెలలో రిటైరవుతున్నారు. రేపు సాయంత్రం బళ్లో సభ. రేపు పొద్దున లెక్కల పరీక్ష. ఆ రెండో సంగతి బుజ్జికి తప్ప ఎవరికీ పట్టినట్టు లేదు.

బుజ్జికి పట్టక తప్పదు. కిందటిసారి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఈసారీ అంతే అయితే సెక్షను మార్చేస్తామని గట్టిగా చెప్పేశారు. సెక్షను మారితే బెంచీలో పక్కన కూర్చునే ఒక్కగానొక్క స్నేహితురాలు దూరమైపోతుంది. కొత్తవాళ్ల ముందు నోరు విప్పాలంటే బుజ్జికి ప్రాణం మీదికొస్తుంది. ఆ ఒక్క స్నేహం కుదరడానికే ఏడాది పట్టింది.

లోపల పాట పల్లవి దాటలేదు. ముందు వరసలో ఎవరు నిలబడాలన్న దగ్గరే చిక్కుబడిపోయింది.

“పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. అది రూలు,” అంది వసపిట్ట. “ప్రార్థనలో కూడా అంతేగా? అయినా నేను ఎక్కడున్నా ముందే ఉండాలి, నా గొంతు వెనక నుంచి వస్తే పాట కుంటుతుంది, కావాలంటే మాస్టారినే అడగండి, ఆయనేమన్నారో తెలుసా, ఒకసారి...”

“ఊపిరి తీసుకోవే తల్లీ,” అన్నాడు తొండి. అంటూనే మోకాళ్లు కాస్త వంచి, కొళాయి కంటే పొట్టివాడైపోయాడు.

“చూడండే, మోకాళ్లు వంచాడు!” కొళాయి కళ్లు అప్పుడే నిండాయి. “ఎప్పుడూ ఇంతే, నా చోటే కావాలి వీడికి.”

“వంచలేదు. నా మోకాళ్లే అంత.”

“నీ మొహం!”

“దీనికింత రాద్ధాంతమెందుకు? ఎల్లుండి తేల్చుకుందాం,” అంది ఎల్లుండి ఆవులిస్తూ.

“సభ రేపేనే!” ముగ్గురూ ఒక్కసారి అరిచారు. గోడ మీది క్యాలెండరు ఊగింది.

ఇక లాభం లేదని బుజ్జి పుస్తకం గుండెలకి అదుముకుని గుమ్మంలోకి వెళ్లింది.

“కొంచెం మెల్లిగా పాడుకోండి. రేపు లెక్కల పరీక్ష.”

“వచ్చారండీ హెడ్మాస్టరు గారు!” తొండి లేచి చేతులు కట్టుకున్నాడు. “పరీక్షలదేముందే, వస్తుంటాయి, పోతుంటాయి. నేనెన్ని తప్పలేదు?”

“పరీక్ష మాట ఎత్తకండే, నాకు ఏడుపొస్తుంది,” అంది కొళాయి.

“ఏది రాలేదు? ఇలా తే,” అంది ఎల్లుండి. ఆమె జన్మలో వెంటనే చేసిన పని అదొక్కటే అయి ఉంటుంది.

ఒక తొట్టి. దానికి రెండు గొట్టాలు. ఒకటి నింపుతుంటే ఇంకొకటి ఖాళీ చేస్తుంటుంది. తొట్టి ఎంతసేపట్లో నిండుతుంది? నాలుగు తలలు పుస్తకం మీద వాలాయి. ఎల్లుండికి ఒక జవాబు వచ్చింది. వసపిట్టకి ఇంకొకటి వచ్చింది, దాంతోపాటు అదెందుకు ఒప్పో చెప్పే ఉపన్యాసం కూడా. నిండుతున్న తొట్టికి అడుగున గొట్టం పెట్టినవాడికి బుద్ధుందా అని కొళాయి బాధపడింది. తొండి ఒక్కడే సరైన జవాబు చెప్పాడు.

“పుస్తకం వెనక చూశావు!” అరిచింది కొళాయి.

“చూడలేదు. కళ్లు వాటంతటవే వెళ్లాయి.”

“నీ కళ్లెప్పుడూ అంతే! నా పేపరు మీదికి కూడా వాటంతటవే వచ్చాయిగా!”

“నీ పేపరులో చూసి రాయబట్టే తప్పాను!”

ఇల్లు మళ్లీ సంతయింది. బుజ్జి పుస్తకం లాక్కుని బయటి గదిలోకి వచ్చి పడింది. రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుంటే పెన్సిలు పట్టుకోవడానికి చెయ్యి మిగల్లేదు. ఒక చెవి వదిలేసి, పళ్లు బిగబట్టి లెక్క మొదలుపెట్టింది. సగం దాకా వచ్చింది. దారి దొరికినట్టే ఉంది.

అప్పుడే లోపల గొడవ ఆగిపోయింది. అరుపులని తట్టుకోవచ్చు గానీ గుసగుసలని తట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

“తొండి సైకిలు చైను రోజూ ఒకే ఇంటి ముందు ఎందుకూడేదో చెప్పనా?” అంటోంది వసపిట్ట.

“నీ కాళ్లు పట్టుకుంటానే!”

“ఊడేది కాదే, ఊడదీసేవాడు. చేతుల నిండా గ్రీజు పూసుకుని, పాపం, చెమటలు కక్కుతూ నిలబడేవాడు. లోపలి నుంచి ఒకమ్మాయి మంచినీళ్లు తెచ్చేదాకా కదిలేవాడు కాదు.”

“ఎవరే? ఎవరే అది?” కొళాయి ఏడవడం మరిచిపోయింది.

“ఇప్పుడే చెప్పు,” అంది ఎల్లుండి. “నేనాగలేను.”

బుజ్జి పెన్సిలు ఆగిపోయింది. తొట్టి నిండితే నిండనీ, పోతే పోనీ. పిల్లిలా లేచి, గుమ్మం పక్కన నక్కి, మెడ సాచింది. ఆ అమ్మాయి ఎవరో తెలియకపోతే ఇక ఈ రాత్రి ఏ లెక్కా తలకెక్కదు.

వసపిట్ట చూడనే చూసింది. నాలిక చివరి దాకా వచ్చిన పేరు మింగేసి, చరచరా గుమ్మం దగ్గరికి వచ్చింది.

“పెద్దవాళ్ల మాటలు నీకెందుకే, పోయి చదువుకో,” అంటూ అమ్మ తలుపు వేసేసింది.