ఖాసిం సాయిబు దారి

ఆ ఏడు మున్సిపాలిటీ పడవలపేటలో ప్రాణమున్న కాలిబాటలు పరిచింది. గుంట పడితే తెల్లారేసరికి అవే పూడ్చుకునేవి. పొద్దున్నే వాటికి నీళ్లు పెట్టడం నాంచారమ్మ పని.

ఒక ఉదయం హార్మోనియంలు బాగుచేసే ఖాసిం సాయిబు బాట మధ్యలో నిలబడిపోయి కనిపించాడు. ఆయనకు చూపు లేదు.

"పాత గతుకులన్నీ నా కాళ్లకు తెలుసు తల్లీ. ఇప్పుడంతా నున్నగా అయిపోయింది. కొట్టు ఎటుందో తెలీడంలేదు," అన్నాడు.

నాంచారమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "పదండి సాయిబుగారూ. రోజూ ఒకేచోట తొక్కితే ఈ బాటే నేర్చుకుంటాది."

నెలరోజులు ఇద్దరూ ఒకే వరసలో నడిచారు. అడుగు పడిన చోటల్లా బాట నిద్రలో ఊపిరి పీల్చినట్టు మెల్లగా పొంగేది. చివరికి ఆయన గడప నుంచి కొట్టు దాకా సన్నటి గట్టు తేలింది. సాయిబు ఒక్కడే పనికి వెళ్లసాగాడు.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు గట్టును చూసి ముఖం చిట్లించాడు. "దీన్ని చదును చేయించాలి."

"ఒక్కసారి కళ్లు మూసుకుని నడవండి సార్," అని బతిమాలింది నాంచారమ్మ.

ఆయన బూట్లు విప్పి, కళ్లు మూసుకుని నడిచాడు. కాసేపటికి చేతికి కొట్టు తలుపు తగిలింది. లోపల హార్మోనియం ఆగింది.

"ఎవరది?"

"రోడ్ల ఇంజనీరునండీ," అన్నాడాయన, ఇంకా కళ్లు తెరవకుండానే. "మీ దారినే వచ్చాను."