ఏడో గ్యాలరీ

“ఇంకెంతసేపు దెల్ఫీనా? కింద సిమెంటు కలిపేశారు!”

ఇంజినీరు ఉర్కీదీ గుమ్మంలో నిలబడి అరిచాడు. దెల్ఫీనా తలెత్తలేదు. ఆమె ఒళ్ళో ఒక స్విచ్ పెట్టె ఉంది. గని అంతటా ఫోన్లనూ మీటర్లనూ కలిపే పెట్టెల్లో ఇది కొత్తగా చేరాలి.

నిన్న మధ్యాహ్నం ఏడో గ్యాలరీ సొరంగం ముఖద్వారం కూలింది. రాళ్ళ సందుల్లోంచి పొగ వస్తోంది. లోపల తొమ్మిదిమంది చిక్కుకున్నారు. వాళ్ళలో ఒకడు దెల్ఫీనా తమ్ముడు విల్బెర్.

ఫోను తీగ కూలినవైపు లేదు. వెనక గాలి బావిలోంచి దిగుతుంది. దానికేమీ కాలేదు. అయినా ఏడో గ్యాలరీ ఫోను పలకలేదు, అటునుంచీ రాలేదు. బతికున్నవాడు ఫోను చేయకుండా ఉంటాడా అన్నాడు ఉర్కీదీ. పొగ మిగతా గ్యాలరీలకు పాకకముందే అడ్డంగా గోడ కట్టేయమన్నాడు. గోడకు ఇవతల పొగ మీటరు పెట్టాలి. ఆ మీటరుకు ఈ స్విచ్ కావాలి. ఇది తగిలిస్తే గోడ మూసేస్తారు.

తమ్ముడి సమాధికి తలుపు దెల్ఫీనా తన చేత్తోనే వేయాలి. ఆ పని తెలిసినవాళ్ళు మా కొండమీద ఇంకొకరు లేరు.

“నువ్వు కావాలనే సాగదీస్తున్నావు,” అన్నాడు ఉర్కీదీ. “నీ బాధ నాకర్థమవుతుంది. కానీ మిగిలినవాళ్ళూ మనుషులే కదా?”

“సాగదీయడం లేదు సార్. మూతపడ్డ శాన్ ఒనోఫ్రే గని నుంచి కొన్న పెట్టె ఇది. ఆ గని జ్ఞాపకాలన్నీ దీంట్లోనే ఉన్నాయి. మార్పు చేసినప్పుడల్లా లోపల ఒక అంకె పెరుగుతుంది. ఏ పెట్టె అంకె పెద్దదైతే మిగతావన్నీ దాని మాటే వింటాయి. దీన్ని ఇలాగే తగిలిస్తే మన పెట్టెలు తమకు తెలిసింది మర్చిపోయి, దీని పాఠమే నేర్చుకుంటాయి. ఒకే తీగలో గ్యాలరీకో దారి వేశాం కదా, ఆ వీలాన్లు చెరిగిపోతే ఉన్న ఫోన్లు కూడా మూగబోతాయి. అందుకే తుడిచి, అంకె సున్నా చేసి తగిలించాలి.”

“ఆరు గ్యాలరీల బుల్లి గని అది! దానికీ జ్ఞాపకాలట!”

స్టోరు చూసుకునే కసిమీరో ఓ మూల కూర్చుని కోకా ఆకు నములుతున్నాడు. పెట్టె సందుల్లో ఇరుక్కున్న రంగు కాగితం ముక్కల్ని దెల్ఫీనా ఊదేసింది. సారా వాసన గుప్పుమంది.

“దీనికప్పుడే ఛల్లా చేసేశావా బాబాయ్?”

“చెయ్యకుండా ఎలా తల్లీ? నిన్న నెలలో మొదటి శుక్రవారమాయె. భూమితల్లికి రెండు చుక్కలు పొయ్యందే ఏ వస్తువైనా మనదెలా అవుద్ది?”

మా దగ్గర అంతే. లారీ కొన్నా, డ్రిల్లు కొన్నా, సారా చిలకరించి రంగు కాగితాలు జల్లందే ముట్టుకోరు. ఇంత తాగిన భూమితల్లి తన తమ్ముడిని కూడా మింగేసిందని దెల్ఫీనాకు ఒళ్ళు మండింది. ఏడుపు మింగుకుని పనిలో పడింది.

పెట్టె జ్ఞాపకాలన్నీ తుడిచేసింది. అంకె సున్నా అయిందో లేదో మళ్ళీ చూసుకుంది. తీగ తగిలించింది. పచ్చ దీపాలు వెలిగాయి.

ఏమీ తెలియని పెట్టె పక్కవాటిని అడిగి నేర్చుకోవడం మొదలుపెట్టింది. తెరమీద దారుల పేర్లు వరసగా పడ్డాయి. ఒకటో గ్యాలరీ, రెండో గ్యాలరీ... ఆరో గ్యాలరీ. అక్కడితో ఆగిపోయాయి.

ఉర్కీదీ ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

“ఏడోది తీసేశావా? మంచిపని. ఇక దాంతో మనకేం పని?” అంటూ వాకీటాకీ నోటిదగ్గర పెట్టుకున్నాడు. “మూసేయండి.”

“నేను తీయలేదు,” అంది దెల్ఫీనా.

ఎవరికీ వినపడలేదు. ఆమె చూపు నేలమీది రంగు కాగితాల మీద పడింది. శాన్ ఒనోఫ్రేకు కూడా ఆరు గ్యాలరీలే.

“బాబాయ్, నిన్న ఛల్లా ఎప్పుడు చేశావు? ఎక్కడ?”

“పొద్దున్నే తల్లీ, ఈ గదిలోనే,” అన్నాడు కసిమీరో, “తీగ పెడితేగానీ ఆ పచ్చ దీపాలు వెలగవు కదా, చీకటి పెట్టెకు ఛల్లా ఏం బాగుంటుందని నేనే మన తీగ తగిలించి కాసేపు వెలిగించాను.”