మీ ఇష్టం అత్తా

"నన్నిక్కడికెందుకు తీసుకొచ్చేవో ముందు సెప్పు. అప్పుడొస్తాను లోపలికి" అంది అచ్చియ్యమ్మ, గాజు తలుపు దగ్గరే ఆగిపోయి.

"తినడానికే అత్తా. రండి" అంది కోడలు కీర్తి.

ఆ జవాబు అచ్చియ్యమ్మకి నచ్చలేదు. బీపీ చూపించాలని ఇంట్లో చెప్పి బయల్దేరదీసిన మనిషి, ఆసుపత్రి దాటించేసి, చోడవరం మెయిన్ రోడ్డులో కొత్తగా పెట్టిన బర్గర్ షాపు ముందు ఆటో ఆపించింది. కొడుకు ఉదయ్‌కుమార్‌తోనూ ఆసుపత్రనే చెప్పింది. మొగుడితో అబద్ధమాడి అత్తకి విందు పెట్టే కోడలు ఎక్కడైనా ఉంటుందా? పైగా కీర్తి భుజాన ఉన్న సంచిలో అచ్చియ్యమ్మ చీరలు రెండు, షుగరు మాత్రలు, ఆధార్ కార్డు కనిపించాయి. బీపీ చూపించుకోడానికి చీరలెందుకు?

ఆ షాపులో ఎవరి బర్గర్ వాళ్లే దగ్గరుండి తయారు చేయించుకోవాలి. అద్దం వెనక గిన్నెల్లో ఉల్లి చక్రాలు, కీరా, టమాటా, రకరకాల సాసులు వరసగా పెట్టున్నాయి. ఏ బన్ను కావాలి, లోపల చికెన్ పెట్టాలా, బంగాళాదుంప టిక్కీ పెట్టాలా అని కౌంటర్లో అమ్మాయి అడిగింది. అచ్చియ్యమ్మ కోడలి వంక చూసింది.

"మీ ఇష్టం అత్తా" అంది కీర్తి.

చీజు వెయ్యమంటారా అన్నప్పుడూ అదే మాట. ఇంట్లో పులుసులో ఉప్పు సరిపోయిందా అని కూడా ఎవరూ తనని అడగరు. చిన్నచిన్న వాటికి ఇంతలా ఇష్టం అడుగుతోందంటే, పెద్దదేదో అడక్కుండా చేసెయ్యడానికే అనుకుంది అచ్చియ్యమ్మ. శనివారం కాబట్టి టిక్కీ పెట్టమంది. మిగతావన్నీ వేలు చూపించి వేయించింది.

కిటికీ పక్కన కూర్చున్నారు. బర్గర్ ఎత్తుగా ఉంది, ఎట్నుంచి కొరకాలో తెలియలేదు. పై బన్ను ఎత్తి వాసన చూసింది. కీర్తి తన బర్గర్ ముట్టనేలేదు. కోడలు తినేదాకా తనూ ముట్టకూడదని అచ్చియ్యమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నన్ను రోలుగుంట పంపేస్తన్నావా?" అనడిగింది. పెద్దకొడుకు సత్యారావు ఉండేది అక్కడే.

కీర్తి తల అడ్డంగా ఊపింది. పోనీ, తన పేరున ఉన్న చెరుకు మడి రాయించుకోడానికి రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్తున్నావా అని అడిగితే, ఆ మడితో తనకి పనిలేదంది. ఏ అనుమానం అడిగినా కాదంటోంది గాని, అసలు సంగతి మాత్రం చెప్పడం లేదు. అచ్చియ్యమ్మ కొడుకునే అడుగుతానుండమని ఫోన్ తీసి నొక్కింది. ఆపుతుందేమోనని చూసింది. కీర్తి ఆపలేదు.

"పనిలో ఉన్నానని తెలీదా? ఊరికే ఫోన్లు సెయ్యకని ఎన్నిసార్లు సెప్పాలి నీకు?" అని ఉదయ్‌కుమార్ అరిచి ఫోన్ పెట్టేశాడు. ఆ అరుపు బల్లకి అవతలున్న కీర్తికి కూడా వినిపించింది.

"పనిలో ఉన్నాడు, పాపం" అంది అచ్చియ్యమ్మ ఫోన్ బొడ్లో దోపుకుంటూ.

అప్పుడు కీర్తి తన బర్గర్‌ని దగ్గరికి లాక్కుంది. అందరిలా రెండు చేతుల్తో పట్టుకుని కొరకలేదు. పొరలు విడదీసి, బన్నుని తుంచి, చిన్న చిన్న ముక్కలు నోటికి కుడివైపు పెట్టుకుని మెల్లగా నమలసాగింది. చెంప మీదుగా కప్పుకున్న చున్నీ జారింది. ఎడమ దవడ ఉబ్బి కమిలి ఉంది. నిన్న సాయంత్రం వాళ్ల గదిలోంచి చప్పుళ్లు వస్తుంటే టీవీ సౌండు పెంచుకున్న సంగతి అచ్చియ్యమ్మకి గుర్తొచ్చింది. చటుక్కున చూపు తిప్పుకుని, రోడ్డు మీద పోతున్న మాడుగుల బస్సుని చూస్తూ కూర్చుంది.

ఇప్పుడర్థమైంది. పోలీస్ స్టేషన్ ఇక్కడికి ఎంతో దూరం లేదు.

"కేసెడతన్నావా ఆడి మీద? నాసేత సాచ్చెం సెప్పిస్తావా?"

అచ్చియ్యమ్మ ఆగకుండా చెప్పుకుపోయింది. వాడికి కోపమే గాని మనసులో ఏమీ ఉండదంది. కాసేపు ఊరుకుంటే వాడే చల్లబడతాడంది. ఇంటి గుట్టు రోడ్డుకెక్కించకూడదంది. ఎవరొచ్చి అడిగినా తనేమీ చూడలేదనే చెబుతానంది.

కీర్తి అంతా విని, చేతులు తుడుచుకుంది.

"సాక్ష్యం అక్కర్లేదు అత్తా. అనకాపల్లిలో ఆసుపత్రిలో నాకు ఉద్యోగం దొరికింది. రెండు గదులు అద్దెకి తీసుకున్నాను. నేనింక ఇంటికి రాను."

కొడుకు కాపరం కూలిపోతోంది. ఆ మాట కొడుక్కి తను మోసుకెళ్లి చెప్పాలి కాబోలు, అందుకే తెచ్చింది. అచ్చియ్యమ్మకి ఒళ్లు మండిపోయింది.

"పోతే పో. ఆడికి సెప్పాలంటే నువ్వే సెప్పుకో. మజ్జిలో నాతో నీకేటి పని?"

కీర్తి ముందుకి వంగింది. పక్క బల్ల వాళ్లకి వినబడకుండా గొంతు తగ్గించింది.

"నేనొక్కత్తినీ వెళ్లిపోతే, రేపట్నించి నా వాటా దెబ్బలు కూడా మీకే పడతాయి కదత్తా."