పిడుగు పుట్టే చోట

సముద్రం దాటొచ్చిన కూలీలు పనిచేసే వునిమోలి చెరకుతోటలో, వాళ్ల మీద అజమాయిషీ చేసే సర్దారు గజాధర్ గర్భిణి నూకాలుని తన్నాడు. ఆమె మొగుడు సింహాచలం వాణ్ణి కింద పడేసి, చెరకు కత్తి ఎత్తాడు.

నల్లమబ్బు కింద కత్తి ఝుమ్మంది. అతని చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

"కత్తి పారెయ్, సాలా! పిడుగు ఇక్కడే పుడతాది!" సర్దారు అరిచాడు.

"బతకడానికి అబద్ధాలాడతన్నావు!"

"నిజమే మావా! నా జుట్టూ లేస్తంది, ఇసిరేయ్!" అంది నూకాలు.

సింహాచలం కత్తి దూరంగా విసిరి, ఆమెకి అడ్డంగా పడుకున్నాడు. కత్తి పడిన చోటే పిడుగు పడి చెరకు భగ్గుమంది.

"నన్నెందుకు బతికించావు?" సింహాచలం సర్దారుని అడిగాడు.

"నా మీదే నిలబడ్డావు కదరా! నేనూ చచ్చేవాణ్ణి." సర్దారు కొరడా అందుకోబోయాడు. వేళ్లు వణికి అది జారిపోయింది.

ఆ వణుకు చూశాక సింహాచలానికి సర్దారంటే ఉన్న భయం పోయింది. నూకాలుని లేవనెత్తి, పని వదిలేసి, కూలీలు కాపురముండే లైన్లకేసి నడిచాడు. సర్దారు వెనక్కి పిలవలేదు.